దున్నకుండా వన్యప్రాణుల మేత మడుల పెంపకం

నేలకోతను గురించి కిందటి భాగంలో చదివారు. దున్నకుండా విత్తే పద్ధతి పంట పొలాలకే పరిమితం కాదు. అమెరికాలోని 'ఫుడ్ ప్లాట్లు' ఇందుకు మంచి ఉదాహరణ. తెల్లతోక జింకలు, టర్కీ కోళ్ళు వంటి వన్యప్రాణుల మేత కోసం అడవి అంచుల్లో, చెట్ల మధ్య ఖాళీల్లో వేసే చిన్న మడులివి. వీటిని వేసేవారిలో వేటపై ఆసక్తి గల భూయజమానులు చాలామంది ఉంటారు. ఇక్కడ పంట కోసి ఇంటికి తెచ్చుకొనేది లేదు కాబట్టి సాళ్ళు తిన్నగా రాలేదన్న బెంగ కూడా లేదు.

ఈ మడులు తరచు వాలు నేలల్లో, ట్రాక్టరు వెళ్ళలేని చోట్ల ఉంటాయి. అక్కడ దున్నితే వదులైన మట్టి పెద్ద వానకు కొట్టుకుపోతుంది. వెంటనే కనిపించని నష్టం మరొకటి ఉంది. మట్టిలో కలుపు గింజలు ఏళ్ళ తరబడి నిద్రావస్థలో ఉంటాయి. వాటిలో చాలావాటికి మొలకెత్తడానికి వెలుతురు కావాలి. నాగలి వాటిని పైకి తెస్తుంది. అంటే కలుపును చంపడానికి దున్నినవారే కొత్త కలుపును లేపినవారవుతారు.

దున్నకుండా విత్తేటప్పుడు వేసవి చివర, వాన పడే సూచన చూసుకొని, నిలిచి ఉన్న గడ్డిలోనే గింజలు చల్లుతారు. ఆ తరవాత గడ్డిని కోసి లేదా రోలరుతో తొక్కించి గింజల మీద పరుస్తారు. ఈ క్రమం ముఖ్యం. గడ్డిని ముందు పడగొట్టి గింజలు చల్లితే అవి గడ్డి మీదే నిలిచి, నేలను తాకక ఎండిపోతాయి. కింద పడిన గింజకు ఆ గడ్డి నీడనిచ్చి తేమను కాపాడుతుంది. మన డెల్టా రైతులకు ఇది వింతేమీ కాదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో తడి మీద మినుములు చల్లడంలో ఉన్న సూత్రమూ ఇదే.

అన్ని గింజలూ ఈ పద్ధతికి పనికిరావు. క్లోవర్, టర్నిప్, ముల్లంగి వంటి చిన్న గింజలు పైపైన పడినా మొలుస్తాయి. గోధుమ, ఓట్స్, రై ధాన్యం కూడా ఫరవాలేదు. మొక్కజొన్న, సోయా వంటి పెద్ద గింజలు మాత్రం మట్టిలోకి దిగాలి. పైగా వాటిని పక్షులు వదలవు. రై ధాన్యానికీ రైగ్రాస్‌కూ పేరులోనే పోలిక. రైగ్రాస్ పాతుకుపోతే మొండి కలుపవుతుంది. చల్లిన గింజలన్నీ మొలవవు కాబట్టి విత్తన మోతాదు కొంత పెంచుతారు.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. భూగర్భ కాండాలతో విస్తరించే బహువార్షిక గడ్డి కోసినా మళ్ళీ చిగురిస్తుంది. దానిని అణచడానికి చాలామంది గ్లైఫోసేట్ వంటి కలుపు మందులను వాడతారు. మట్టిని కాపాడే పని మందు డబ్బాతో మొదలవడం ఇబ్బందికరమైన విషయమే. ఏటా దట్టమైన పైరుతో నేలను కప్పి ఉంచితే మందు అవసరం తగ్గుతుందిగాని, మొదటి ఏడాదే ఆ ఫలితం ఆశించరాదు.

మడి ఎలా పెరుగుతున్నదో తెలుసుకోవడానికి ఒకచోట చిన్న తీగవల గూడు పాతుతారు. జింకలు అందులోని మొక్కలను మేయలేవు. లోపలి పైరును బయటి పైరుతో పోల్చి చూస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
ఒక మడిలో గూడు లోపల పైరు మోకాలెత్తు ఉంది, బయట నేలకు అంటుకొని ఉంది. మరొక మడిలో లోపలా బయటా పైరు పలచగానే ఉంది. ఏ మడిలో లోపం విత్తడంలో ఉంది? ఎందుకు?