కరెంటును దాచే చక్రం
పశువుల ఆసుపత్రి నత్రజనితో తేలే ఇరుసు

పెదవేగి: ఈ మండలంలోని పామాయిల్ రైతుకు కరెంటు ఉన్న గంటల్లోనే నీరు తోడుకోక తప్పదు. ఎకరానికి 57 చెట్లు. ఎదిగిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్లకు పైగా నీరు కావాలి. ధాన్యాన్ని గాదెలో పోసుకున్నట్లు కరెంటును కూడా నిలవ చేసుకోగలిగితే బాగుండునన్నది మెట్ట రైతు ఆశ. అటువంటి గాదెగా గిర్రున తిరిగే చక్రాన్ని కూడా వాడుకోవచ్చునని శాస్త్రజ్ఞులు నిరూపించారు.

ఆయిలింజను చూపిన దారి

చక్రంలో శక్తిని దాచడం పాత విద్యే. కుమ్మరి తన సారెను కర్రతో జోరుగా తిప్పి వదిలితే, అది తిరుగుతుండగానే కుండకు రూపు వస్తుంది. మెట్ట బావుల మీద ఆయిలింజన్లు పనిచేసిన రోజుల్లో డీజిలు కట్టేసిన తరువాత కూడా వాటి బరువైన ఇనుప చక్రం కాసేపు తిరుగుతూనే ఉండేది. దానినే ఫ్లైవీలు అంటారు. కరెంటు ఉన్నప్పుడు మోటారుతో ఫ్లైవీలును వేగంగా తిప్పి, లేనప్పుడు అదే మోటారును జనరేటరుగా వాడుకుంటే దాచిన శక్తి తిరిగి కరెంటుగా వస్తుంది. వేగం రెట్టింపు చేస్తే దాగే శక్తి నాలుగు రెట్లవుతుంది.

చిక్కల్లా ఆ ‘కాసేపు’తోనే వస్తున్నది. గాలి అడ్డు, బేరింగుల రాపిడి కలిసి చక్రం వేగాన్ని తినివేస్తాయి. గాలి తీసివేసిన పెట్టెలో చక్రాన్ని బిగిస్తే మొదటి బెడద పోతుంది. రెండవది గ్రీజు పెట్టినా పూర్తిగా పోదు. టన్నుల బరువు గల చక్రం నిమిషానికి వేల చుట్లు తిరిగితే ఉక్కు బేరింగులు అరిగిపోతాయి.

తేలే ఇరుసు

చక్రాన్ని దేనికీ తగలకుండా తేలించడమే దీనికి విరుగుడు. ఒక అయస్కాంతం మీద మరొక దానిని తేలించబోతే పక్కకు జారిపోతుంది. అతివాహకం, అనగా సూపర్ కండక్టరు, అలా జారనివ్వదు. తగినంత చల్లబరచినప్పుడు అది అయస్కాంత బలరేఖలను తనలో బిగించి పట్టుకుంటుంది. అందువల్ల పైనున్న గుండ్రటి అయస్కాంతం కిందకు పడదు, పక్కకు పోదు. ఉన్నచోటనే స్వేచ్ఛగా తిరుగుతుంది. దీనికి నూనె అక్కరలేదు, అరుగుదల లేదు.

1911లో హాలెండులో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో అతివాహకతను కనిపెట్టినప్పుడు దానికి సున్నకు దిగువ 269 డిగ్రీల చలి కావలసివచ్చింది. ఖరీదైన ద్రవ హీలియం లేనిదే అంత చలి రాదు. 1986లో స్విట్జర్లాండులో బెడ్నోర్జ్, ముల్లర్ అనే శాస్త్రజ్ఞులు రాగి కలిసిన పింగాణీ వంటి పదార్థంలో అంతకంటె తక్కువ చలికే ఆ గుణం వస్తుందని చూపి, మరుసటి ఏడు నోబెల్ బహుమతి పొందారు. 1987లోనే అమెరికాలో యిట్రియం, బేరియం, రాగి కలిసిన పదార్థం సున్నకు దిగువ 180 డిగ్రీల వద్దనే అతివాహకమవుతుందని తేలింది.

దానికి ద్రవ నత్రజని చాలు. దాని చలి సున్నకు దిగువ 196 డిగ్రీలు. పల్లెటూరి రైతుకు అది కొత్త వస్తువు కాదు. ఎదకు వచ్చిన గేదెను పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లినప్పుడు సెమన్ స్ట్రాల కోసం మూత తీయగానే తెల్లటి పొగలు కక్కే క్యానులో ఉండేది అదే.

జపానులో 100 యూనిట్ల చక్రం

ఇటువంటి ఇరుసు మీద నిలిపిన చక్రాన్ని జపాను రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి తయారు చేసింది. 2015లో దానిని యమనాషి ప్రాంతంలో కొమెకురా కొండ మీద గల సౌర విద్యుత్ కేంద్రానికి కలిపారు. కార్బన్ నారతో చేసిన ఆ చక్రం వ్యాసం 2 మీటర్లు, బరువు 4 టన్నులు. నిమిషానికి 6,000 చుట్ల వరకు తిరిగేలా రూపొందించారు. అందులో 100 యూనిట్లు నిలవ ఉంటాయి. అంటే 5 హార్సుపవరు మోటారుకు ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి సరిపోయే కరెంటు. 300 కిలోవాట్ల పూర్తి జోరున వాడితే మాత్రం 20 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. మబ్బు కమ్మి సౌర విద్యుత్తు తగ్గినప్పుడు ఆ లోటు పూడ్చడానికే దానిని పెట్టారు.

రైతుకు ఒరిగేదేమిటి?

ఈ చక్రం రేపే తమ ఊరి సబ్‌స్టేషనుకు వస్తుందని రైతులు ఆశపడనక్కరలేదు. అతివాహకాన్ని రాత్రింబవళ్లు చల్లగా ఉంచాలి. ఆ చల్లదనానికి కరెంటు ఖర్చవుతుంది. గంటల తరబడి నిలవ కావాలంటే బ్యాటరీలు, నీటిని ఎగువకు తోడే పద్ధతి ముందున్నాయి. నాగార్జునసాగర్, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రాలలో దిగువ నీటిని తిరిగి జలాశయంలోకి తోడే యంత్రాలు గలవు. తోటలో మెరకన తొట్టె కట్టి, కరెంటు ఉన్నప్పుడు నింపుకునే రైతు చేస్తున్నదీ ఆ పనే. నీరు దాచితే కరెంటు దాచినట్లే.

అయితే సౌర విద్యుత్తు పెరిగే కొద్దీ సరఫరాలో ఎగుడుదిగుళ్లు పెరుగుతాయి. క్షణాలలో కరెంటు తీసుకుని, క్షణాలలో తిరిగి ఇవ్వడంలో చక్రం దిట్ట. ఎన్నిసార్లు నింపి తీసినా బ్యాటరీలాగా నీరసించదు. చల్లబరిచే ఖర్చు తగ్గిన నాడు దాని అవసరం పల్లెలకూ రావచ్చు.

పామాయిల్ పరిశోధన సంస్థ 1995 నుంచి ఉన్న పెదవేగికి శాస్త్రం కొత్త కాదు. చిన్న అతివాహకపు బిళ్ల, ఒక అయస్కాంతం, చెంబెడు ద్రవ నత్రజని ఉంటే తేలే ఇరుసును బడి పిల్లలకు కళ్లారా చూపవచ్చు. ఏలూరు కళాశాలల భౌతికశాస్త్ర అధ్యాపకులు తగిన జాగ్రత్తలతో అటువంటి ప్రదర్శన ఏర్పాటు చేస్తే, ఆయిలింజను చక్రాన్ని ఎరిగిన పెద్దలు కూడా ఆసక్తితో చూస్తారనడంలో సందేహం లేదు.