పొట్టు చెప్పే లెక్క

గోదావరి ఒడ్డున టేకు తలుపులు చేసే ఒక షెడ్డులో, సింహద్వారం పలక మీద గజలక్ష్మిని చెక్కుతున్న సీఎన్‌సీ రూటర్ దగ్గర ఓ మధ్యాహ్నం నిలబడ్డాను. మాడు వాసన వస్తోంది. ఏనుగు తొండం అంచు అప్పటికే నల్లబడింది. మిషను నడిపే కుర్రవాడు కంగారుగా ఫీడ్, అంటే కోసే బిట్ ముందుకు నడిచే వేగం, తగ్గించబోయాడు. మూల కూర్చుని ద్వారబంధాన్ని దిద్దుకుంటున్న పెద్ద వడ్రంగి లేచి వచ్చి, బల్ల కింద రాలినదాన్ని గుప్పెట్లోకి తీసుకుని వేళ్లతో నలిపి చూశాడు.

“ఏరా అబ్బాయ్, ఇది కొయ్యట్లేదురా, అరగదీస్తోంది. పొట్టేదీ? అంతా పిండేగా!”

“అయితే ఇంకా నెమ్మదిగా పోనివ్వనా బాబాయ్?”

“నెమ్మదిగా పోతే ఇంకా మాడుద్ది. చిత్రిక పట్టేటప్పుడు ముద్దు చేస్తూ రుద్దుతామా? పట్టు దొరకాలి, పొర లేవాలి.”

ఆ మాటలో ఉన్న లెక్కే ఈ యంత్రానికి ప్రాణం. ఆ లెక్కలోకి వెళ్లేముందు యంత్రం పుట్టుక చెప్పాలి. అది దేవతలను చెక్కడానికి పుట్టలేదు గానీ, పుట్టిన చోట కొయ్య మాత్రం ఉంది.

1940లలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ట్రావర్స్ సిటీ అనే ఊళ్లో, జాన్ పార్సన్స్ సికోర్‌స్కీ హెలికాప్టర్లకు రెక్కలు తయారుచేసేవాడు. రెక్క లోపల పొడవాటి కొయ్య బద్దలుండేవి. వాటి వంపు ఎలా ఉండాలో సికోర్‌స్కీ వారు 17 చుక్కలుగా ఇచ్చేవారు. చుక్కలు కలిపి వంపు తీర్చుకోవడం పనివాళ్ల వంతు. ముగ్గు వేసే చేతికి తెలుసు, చుక్కలు దూరమైనకొద్దీ గీత ఎవరికి వచ్చినట్టు వాళ్లకు వంగుతుంది. ముగ్గుకు అది అందమే. గాలిలో మనిషిని మోసే రెక్కకు కాదు.

పార్సన్స్ దగ్గర చేరిన ఇంజనీరు ఫ్రాంక్ స్టూలెన్ పంచ్ కార్డులతో లెక్కలు కట్టే ఐబీఎం యంత్రాన్ని తెప్పించి, 17 చుక్కల చోట 200 చుక్కలు లెక్కగట్టాడు. ఆ అంకెలతో మిల్లింగ్ మిషను దగ్గర ముగ్గురు నిలబడేవారు. ఒకరు అంకెలు చదివితే ఒకరు నిలువు చక్రం, మరొకరు అడ్డం చక్రం తిప్పేవారు. ప్రతి చుక్క దగ్గరా ఒక కోత. కోతకూ కోతకూ మధ్య మిగిలిపోయే సన్నని గట్లను ఆకురాయితో రాచి నునుపు చేసేవారు. ఆ గట్లు మనకు మళ్లీ ఎదురవుతాయి.

చదివే మనిషి బదులు కార్డు, తిప్పే మనుషుల బదులు మోటార్లు పెట్టాలన్నది పార్సన్స్ ఆలోచన. 1949లో అమెరికా వైమానిక దళం డబ్బిచ్చింది. మోటార్ల సంగతి చూడటానికి ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల తోడైంది. 1952లో అక్కడ ఒక సిన్సినాటి హైడ్రోటెల్ మిల్లింగ్ మిషను, రంధ్రాలు పొడిచిన కాగితపు రిబ్బనును చదువుకుంటూ మూడు దిశల్లో తనంతట తానే కదిలి లోహాన్ని కోసి చూపింది. తరవాత కంప్యూటరు చేరాక దానికి సీఎన్‌సీ అన్న పేరు స్థిరపడింది. 1985లో పార్సన్స్, స్టూలెన్ ఇద్దరికీ అమెరికా జాతీయ సాంకేతిక పతకం దక్కింది.

విమానాల కార్ఖానా నుంచి వడ్రంగి షెడ్డుకు రావడానికి దానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 1990లలో నార్త్ కరోలినాలో టెడ్ హాల్ అనే ఆయన ప్లైవుడ్ పడవల ముక్కలు కోసుకోవడానికి చవకలో ఒక మిషను కట్టుకున్నాడు. దాన్నే షాప్‌బాట్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. 2009లో నార్వే దేశస్థుడు సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్, చిన్న ఆర్డుయినో బోర్డు మీదే మిషను నడిచేలా జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేరు రాసి అందరికీ ఇచ్చేశాడు.

వీళ్లంతా తేల్చిన ప్రశ్న ఒక్కటే, బిట్ ఎటు పోవాలి అన్నది. ఎంత జోరుగా తిరగాలి, ఎంత జోరుగా ముందుకు నడవాలి అన్నది యంత్రానికి ఇప్పటికీ మనమే చెప్పాలి. ఆ ప్రశ్న వయసులో ఇంకా పెద్దది. ఫ్రెడరిక్ టేలర్ దానికోసం 26 ఏళ్లు ప్రయోగాలు చేసి, 1906 చివర అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఫలితాలు పెట్టాడు. ఆ ప్రయోగాల్లో పొట్టయిపోయిన ఇనుము, ఉక్కు మూడున్నర లక్షల కిలోల పైమాటే. కోతను శాసించేవి పన్నెండు అంశాలని తేల్చాడు. కూలివాడి ప్రతి కదలికనూ గడియారంతో కొలిచిన టేలర్ నాకు నచ్చడు. లోహం ముందు అన్నేళ్లు ఓపిగ్గా కూర్చున్న టేలర్‌కు మాత్రం దణ్ణం పెడతాను.

ఇప్పుడు మాడిన తొండం సంగతి. ఆ రోజు బిట్ వ్యాసం 6 మిల్లీమీటర్లు, కోసే అంచులు రెండు. బిట్‌ను తిప్పే స్పిండిల్ నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతోంది. ఫీడ్ నిమిషానికి 960 మిల్లీమీటర్లు. అంటే నిమిషానికి 48,000 సార్లు అంచు కొయ్యను తాకుతోంది. 960ని 48,000తో భాగిస్తే 0.02 మిల్లీమీటరు. ఒక్కో అంచు లేపుతున్న పొర మందం అది. చిప్ లోడ్ అంటారు. కాగితం మందంలో అయిదో వంతు! అరిగిన బిట్ అంచు గుండ్రబడుతుంది. గుండ్రబడిన అంచు అంత పలచని పొర కిందికి దూరలేక పైన జారుతుంది. జారితే రాపిడి, రాపిడైతే వేడి.

కోతలో పుట్టే వేడిలో చాలాభాగాన్ని మోసుకుపోయేది పొట్టే. పొర మందంగా లేస్తే వేడి దానితోపాటే ఎగిరిపోతుంది. పిండి రాలితే వేడి బిట్‌లోనూ కొయ్యలోనూ మిగిలిపోతుంది. ఇంకా నెమ్మదిస్తే మాడేది అందుకే. కుర్రవాడు చుట్లు 16,000కు దించి, ఫీడ్ 3,200కు పెంచాడు. పొర మందం 0.1 మిల్లీమీటరయింది. పొగ ఆగింది, కింద బంగారు రంగు పొట్టు పడసాగింది.

ఆ పిండిని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కొయ్యధూళిని మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. షెడ్లలో పిల్లలు మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా బ్రష్షుతో ఊడుస్తుంటే నాకు భయమేస్తుంది. ధూళి పీల్చే గొట్టం మిషనుతోపాటే కొనాల్సిన వస్తువు.

స్పిండిల్‌కు ఇన్నిన్ని చుట్లు ఎక్కడి నుంచి వస్తాయి? మన గోడ కరెంటు సెకనుకు 50 సార్లు అటు పోయి ఇటు తిరిగి వస్తుంది. రెండు ధ్రువాల మోటారు దానితో నిమిషానికి దాదాపు 3,000 చుట్లకు మించి తిరగలేదు. మోటారుకు కరెంటు అందించే వీఎఫ్‌డీ పెట్టె ఆ 50ని 400 చేస్తుంది. నాలుగు వందలను అరవైతో గుణిస్తే 24,000. ఆ పెట్టె మీది గుండీ తిప్పడమంటే కరెంటు తాళం మార్చడమే.

బిట్ దేనితో చేసిందన్నది కూడా అంతే ముఖ్యం. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది. చిత్రిక నోరు ఊరికే మొద్దుబారుతోందని మన వడ్రంగులు టేకును తిట్టుకునేది దానివల్లే. ఉక్కు బిట్లు అక్కడ నిలవవు. 1923లో జర్మనీలో ఓస్రామ్ కంపెనీకి చెందిన కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్టుతో కలిపి కాల్చి గట్టి లోహం చేశాడు. క్రుప్ కంపెనీ దాన్ని ‘వజ్రంలా’ అన్న అర్థం వచ్చేలా విడియా అని పిలిచింది. ఈనాటి రూటర్ బిట్లన్నీ దాదాపు ఆ సంతానమే. కొండపల్లి, నిర్మల్ బొమ్మల పొణికి కొయ్య దీనికి పూర్తిగా ఎదురు. మెత్తన. అక్కడ అరుగుదల బాధ లేదు గానీ, అంచు ఏమాత్రం మొద్దయినా పోగును కోయకుండా నలిపి నూగు లేపుతుంది.

సన్నని బిట్ సన్నని పని చేస్తుందనుకుని కొత్తవాళ్లు ముందే దాన్ని బిగిస్తారు. బిట్ వ్యాసం సగమైతే వంగే గుణం 16 రెట్లవుతుంది. బిట్‌ను పట్టుకునే కోలెట్ బయటికి రెట్టింపు పొడవు వదిలితే 8 రెట్లు. అందుకే మొదట లావుపాటి చదును బిట్‌తో అరమిల్లీమీటరు మిగిల్చి మోటుగా కోసేసి, తరవాత గుండుమొన ఉన్న బాల్‌నోజ్‌తో నగిషీ తీస్తారు. మొన సన్నగా ఉండి పైకి పోనుపోను లావెక్కే టేపర్ బిట్ నాకు అన్నిటికన్నా ఇష్టం. కంటిరెప్పను తీర్చగలదు, వెన్ను వంచదు.

పార్సన్స్ గట్లు తిరిగి కనిపించేది ఇక్కడే. బాల్‌నోజ్ పక్కపక్కనే వరసలు దున్నుకుంటూ పోతుంటే వరసకూ వరసకూ మధ్య గట్టు మిగులుతుంది. వరసల మధ్య ఎడాన్ని ఎడంతో గుణించి, మొన వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే గట్టు ఎత్తు వస్తుంది. 6 మిల్లీమీటర్ల బాల్‌నోజ్‌తో ఎడం 1.5 పెడితే గట్టు దాదాపు 0.09 మిల్లీమీటరు, గోటికి తగులుతుంది. 0.6 పెడితే 0.015, రెండు పట్ల గరుకు కాగితంతో పోతుంది. 0.3 పెడితే 0.004 కూడా ఉండదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు పలకకు నిమిషానికి 3,000 మిల్లీమీటర్ల ఫీడ్‌తో మొదటిదానికి దాదాపు నలభై నిమిషాలు, రెండోదానికి గంటా నలభై, మూడోదానికి మూడు గంటల ఇరవై. నేనైతే రెండోదాని దగ్గరే ఆగుతాను. ఆ తరవాత మిషను ఇచ్చే నునుపు పాలిష్ కింద ఎవరికీ కనపడదు.

ఆ సాయంత్రం గజలక్ష్మి పూర్తయింది. గుండ్రంగా తిరిగే బిట్ లోపలి మూలను నలుపలకగా తీయలేదు. 6 మిల్లీమీటర్ల బిట్ వెళ్లిన ప్రతి లోమూలా 3 మిల్లీమీటర్ల గుండ్రంతో మిగులుతుంది. పీఠం నాలుగు మూలలూ అలాగే ఉన్నాయి. పెద్దాయన సన్న ఉలి తీసి, బొటనవేలి గోటి మీద పదును చూసుకుని, పలక మీదికి వంగాడు. మూలకు నాలుగైదు దెబ్బలు. కుర్రవాడు లైటు పట్టుకున్నాడు.