గుండె కవాటమూ, గణితమూ

బృహద్ధమని మొదట నున్న కవాటాన్ని తీసుకొందాము. దానికి మూడు పలుచని రెక్కలు. వాటిని తెరవడానికి గాని మూయడానికి గాని వేరే కండరమేదీ లేదు. రక్తం నెట్టితే తెరుచుకొంటవి. రక్తం వెనుకకు మళ్ళబోతే మూసుకొంటవి. అయితే రెక్క వంగిన తీరునుబట్టి రక్తపు దారి మారుతుంది. దారి మారిన రక్తం రెక్కను మరొక తీరుగా వంచుతుంది. ఇందులో ఏది కారణమో, ఏది కార్యమో విడదీసి చెప్పలేము. రెక్కల వెనుక పుట్టే సుడులు కవాటం మూసుకొనడానికి తోడ్పడతవని లియొనార్డో డావించీ 1513 ప్రాంతంలోనే ఊహించి, బొమ్మలు గీసినాడు. లెక్క కట్టడానికి మాత్రం మరి నాలుగున్నర శతాబ్దాలు పట్టినది.

సమీకరణాలు లేక కాదు. ద్రవాల చలనానికి ఫ్రాన్సులో నావియే 1822లోను, కేంబ్రిడ్జిలో స్టోక్స్ 1845లోను సమీకరణాలు కూర్చినారు. సాగి వంగే ఘనపదార్థాల సంగతి కూడ ఆ శతాబ్దంలోనే తేలినది. చిక్కంతా ఆ రెండింటి కలయికలో ఉన్నది. ద్రవాన్ని లెక్కించేవాడు ఏటిగట్టున కూర్చున్న వానివంటివాడు. స్థలాన్ని గడులుగా విభజించి, ఏ గడిలో ఏ క్షణాన ఎంత వేగమున్నదో వ్రాసుకొంటాడు. ఘనపదార్థాన్ని లెక్కించేవాడు పడవలో ఉన్నవాడు. ఒక్కొక్క బిందువునూ పట్టుకొని దానివెంటనే పోతాడు. గట్టుమీది లెక్కనూ, పడవలోని లెక్కనూ ఒకే చిట్టాకు ఎక్కించడమెట్లా?

గడుల వలను రెక్కతోపాటు సాగదీయడం ఒక మార్గం. విమానపు రెక్క కొద్దిగా ఊగేచోట అది చక్కగా నడుస్తుంది. కవాటపు రెక్కలు ఒకదానినొకటి ఆనుకొన్నప్పుడు మాత్రం నడుమ నున్న గడులు నలిగిపోతవి. లెక్క అక్కడితో నిలిచిపోతుంది. అమెరికాలో చార్లెస్ పెస్కిన్ 1972లో వేరొక ఉపాయం చెప్పినాడు. గడులను కదపనే వద్దు. రెక్కను బిందువుల గొలుసుగా భావించి, అది సాగినందువల్ల కలిగే బలాన్ని చుట్టుపక్కల గడులలోని ద్రవానికి పంచిపెట్టు. ఆ బలంతో ద్రవం కదిలిన తరువాత, చుట్టూ ఉన్న వేగాన్నే తిరిగి ఆ బిందువులకు ఇచ్చి ముందుకు జరుపు. అంతే! రెక్క రక్తంలో మునిగి ఉన్నది గనుక దీనిని నిమగ్న సరిహద్దు పద్ధతి అనవచ్చును. రెక్క అంచు గడుల వెడల్పుమేర అలుక్కుపోయినట్లుండడం దీని లోపం. పదార్థం గట్టిదైనకొద్దీ చాలా చిన్న చిన్న కాలపు అంగలతో నడవవలసి రావడం మరొకటి. అయినా ఇంత తేలికైన ఊహ ఇంత దూరం నడవడం మెచ్చుకొనదగినది.

రెండవ చిక్కు మరింత గడుసుది. ద్రవానికొక గుమాస్తాను, గోడకొక గుమాస్తాను పెట్టి, వారు ఒకరి కాగితం ఒకరికి అందించుకొంటూ పనిచేస్తే చాలదా? విమానానికి చాలును. సముద్రమట్టాన ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు, అల్యూమినియం 2,700. గాలి గుమాస్తా ఒక అడుగు వెనుకబడినా రెక్క చలించదు. రక్తం ఘనమీటరుకు సుమారు 1,060 కిలోలు. ధమని గోడ బరువూ ఇంచుమించు అంతే, పైగా పలుచన. ఆ గోడ కదలాలంటే తనకంటె ఎక్కువ రక్తాన్ని నెట్టుకొంటూ కదలాలి. ఈ అదనపు భారం నిన్నటి కాగితంలో వచ్చేసరికి గోడ అవసరానికి మించి వెనుకకు పోతుంది. మరుసటి అంగలో అంతకు మించి ముందుకు వస్తుంది. లెక్క తెగిపోతుంది. ఇటువంటప్పుడు కాలపు అంగను చిన్నది చేయడం అలవాటు. ఇక్కడ అది మేలు చేయదు సరిగదా, లెక్కను ఇంకా త్వరగా చెడగొడుతుంది! సాంద్రతల నిష్పత్తికీ, ధమని పొడవు మందాలకూ ఇందులో గల పాత్రను కౌసిన్, జెర్బో, నోబిలె అనే ముగ్గురు 2005లో ఒక చిన్న నమూనాతో నిరూపించినారు.

దీనికి రెండు మార్గాలున్నవి. రెండు లెక్కలనూ ఒకే పెద్ద సమీకరణాల గుంపుగా కట్టి ఒక్కసారిగా సాధించడం ఒకటి. ఇది భద్రమే గాని ఖర్చు ఎక్కువ. రెండవది, ఒకే అంగలో ఇద్దరు గుమాస్తాలూ కాగితాలు పలుమార్లు మార్చుకొంటూ, ప్రతిసారీ వచ్చిన సవరణలో కొంతభాగమే తీసుకొనడం. ఆ కొంత ఎంతో తేల్చడానికి ఎడింబరో గణితజ్ఞుడు ఐట్కెన్ 1926లో చెప్పిన సూత్రం నేటికీ అక్కరకు వస్తున్నది. ఆయన నోటిలెక్కలలోనూ అసాధ్యుడు లెండి.

ఈ శ్రమ అంతా ఎందుకంటే, యాంత్రిక కవాటం అమర్చుకొన్న రోగి రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడవలసి ఉన్నది. మోతాదు తగ్గితే గడ్డ, హెచ్చితే రక్తస్రావం. రక్తం నిలువయ్యే మూలలను కవాటంలో ఎంత తగ్గిస్తే అంత మంచిది. మాక్వీన్, పెస్కిన్‌లు రెండు పలకల కవాటాన్ని కంప్యూటరులోనే పరీక్షించి 1985లో ఫలితాలు ప్రకటించినారు. చదునైన పలకలకు కొద్దిపాటి వంపు ఇస్తే, ఇరుకుదారిలో సైతం రక్తం నిలువ ఉండడం తగ్గుతుందని తేలినది. లోహాన్ని గాని, రోగిని గాని తాకకముందే పలక వంపును మార్చి మార్చి చూడగలిగినారు.