త్రాగి బండి నడపిన నేరము - న్యాయవాది ధర్మము, గృహిణి ధర్మము

సురాపానమును మన పూర్వులు పంచమహాపాతకములలో జేర్చిరి. శిష్యుడగు కచుని భస్మము కలిసిన సురను తెలియక త్రాగిన శుక్రాచార్యుడు, పిదప ఆ సురనే శపించిన కథ భారతమున మనమందరము చదివినదే. అట్టి దోషము చేసెనని నిందింపబడిన వాని పక్షమున నల్లకోటు ధరించిన వకీలు నిలిచి వాదించుట చూచినపుడు, "ఇదెక్కడి ధర్మము?" అని గృహిణికి తోచుట సహజము. త్రాగి బండి నడపువానికి శిక్ష పడవలెనని కోరునదియు మనమే. పట్టుబడినవాడు మన యింటివాడైనపుడు వకీలును వెదకుకొనుచు కోర్టు మెట్లెక్కునదియు మనమే. ఈ రెండు కోరికలును ఒకదానికొకటి విరుద్ధములు కావు. అభియుక్తుని పక్షమున వాదించుట మద్యము పక్షమున వాదించుట కాదు. రుజువు లేనిదే శిక్ష కూడదని వాదించుట. ఈ భేదము నెరుగని యిల్లు రెండు విధముల నష్టపోవును. తనకు గల హక్కును విడుచుకొనును. లేదా అబద్ధమును విలకు గొనును.

ఆదోని ప్రత్తి వ్యాపారమునకును, ఎమ్మిగనూరు చేనేతకును పేరొందిన ఊళ్లు. ప్రత్తి కాలమున లారీలును ట్రాక్టర్లును ఆదోని మార్కెట్టు యార్డునకు బారులు తీరును. కర్నూలు నుండి ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయమునకు యాత్రికుల బండ్లు పోవుచుండును. పల్లెలనుండి కూలీలను, బడిపిల్లలను ఆటోలు చేరవేయుచుండును. చక్రము తిరిగిననే పొయ్యి రాజుకొను సంసారములు ఈ ప్రాంతమున కోకొల్లలు. అందుచేత ఈ నేరము ఇచ్చట కేవలము పోలీసుల విషయము గాదు, వంటయింటి విషయము.

మొదట నేరము యొక్క గౌరవమును తెలిసికొందము. 2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారకమునుపే, మన జిల్లాలోనే చిన్నటేకూరు వద్ద, హైదరాబాదు నుండి బెంగళూరునకు పోవు ప్రైవేటు బస్సు తగులబడి 19 మంది ప్రయాణికులు మరణించిరి. అంతకు ముందే ఒక మోటారుసైకిలు ప్రమాదమునకు లోనై రోడ్డుపై పడియుండెను. దానిని నడపినవాడును మరణించెను. బస్సు ఆ సైకిలును ఈడ్చుకొనిపోగా నిప్పు పుట్టెను. అతడు మద్యము సేవించియుండెనని ఫోరెన్సిక్ పరీక్షలో తేలినట్లు పోలీసులు ప్రకటించిరి. ఎవరికిని కీడు తలపెట్టనివాడు సైతము త్రాగి రోడ్డెక్కినచో ఫలమెంతదూరము పోవునో దీనివలన తెలియుచున్నది. కనుక ఈ చట్టము కఠినముగా నుండుట యుక్తమే.

ఆ చట్టమేమి చెప్పుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను ప్రకారము, నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నట్లు పరీక్షలో తేలినపుడు బండి నడపుట నేరము. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణచే మొదటిసారి నేరమునకు ఆరు నెలలవరకు ఖైదు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండును. మరల చేసినచో రెండేండ్లవరకు ఖైదు, లేదా 15,000 రూపాయలు, లేదా రెండును విధింపవచ్చును. అంతకు ముందు మొదటి నేరమునకు జరిమానా 2,000 రూపాయలే. ఈ నేరము దారిలోనే రొక్కమిచ్చి రాజీ చేసికొనదగిన నేరముల పట్టికలో లేదు. న్యాయాధికారి యెదుటనే తేలవలెను. కావున రోడ్డుప్రక్కన ఎవరైన "ఇంత యిచ్చి పొండు" అన్నచో అది జరిమానా కాదని గృహిణులు గ్రహింపవలెను.

మఱియొక సంగతి. త్రాగినది రాత్రియే గదా, తెల్లవారిన తరువాత భయములేదని పురుషు లనుచుందురు. శరీరము గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే రక్తమునందలి మద్యసారమును తగ్గించుకొనును. అర్ధరాత్రి 120 ఉన్నవానికి ఉదయము ఆరు గంటలకు ఇంకను 30 దగ్గర నుండును. స్నానము చేసి, విభూతి పెట్టుకొని, కాఫీ త్రాగినంత మాత్రమున అది తగ్గదు. బడిపిల్లల నెక్కించుకొను ఆటోవాని యింటి యిల్లాలు ఈ లెక్కను కంఠపాఠము చేయదగును.

ఇక వకీలు ధర్మము. వ్యవహారమునకు నాలుగు పాదములని మన ధర్మశాస్త్రజ్ఞులు చెప్పిరి: అభియోగమగు భాష, దానికి ప్రతివాది యిచ్చు ఉత్తరము, రుజువగు క్రియ, నిర్ణయమగు సిద్ధి. 13వ శతాబ్దమున కేతన తెనుగున విజ్ఞానేశ్వరీయమును రచించినది మొదలు తెలుగువారికి వ్యవహారధర్మము పరాయి విద్య కాదు. ఉత్తరము, క్రియ లేని వ్యవహారము రెండు కాళ్లు విరిగిన గోవు వంటిది. మృచ్ఛకటికమున చారుదత్తుడు వసంతసేనను చంపెనని నమ్మి న్యాయసభ శిక్షింపలేదా? నగలు కనబడెను, ఒక స్త్రీ శవము కనబడెను; చూచినవారికి అంతయు సరిపోయెను. వసంతసేన మాత్రము ప్రాణములతో నుండెను. కంటికి కనబడినదెల్ల రుజువు కాదని చెప్పుటకే వకీలు నిలుచును.

ఈ న్యాయమును మన సుప్రీంకోర్టు 1971లో బచ్చూభాయి కర్యానీ కేసున స్పష్టపరచెను. ప్రమాదము చేసిన డ్రైవరు నోట మద్యపు వాసన వచ్చెను, అడుగులు తడబడెను, మాట తొట్రుపడెను, కనుపాపలు విప్పారెను; కాని రక్తమునుగాని మూత్రమునుగాని పరీక్షింపలేదు. ఆ చిహ్నములు మాత్రమే ఆధారముగా అతడు త్రాగియుండెనని నిర్ణయింపరాదని న్యాయమూర్తులు తేల్చిరి.

కావున సమర్థుడగు న్యాయవాది మొదట అడుగు ప్రశ్న లివి. అభియుక్తుడు నిజముగా బండి నడపుచుండెనా, లేక నిలిచిన బండిలో ఊరక కూర్చుండెనా? ఊపిరి పరీక్ష చేసినవాడు యూనిఫారమునందున్న పోలీసుఉద్యోగియేనా, లేక తగు అధికారము గల రవాణాశాఖ యుద్యోగియా? యంత్రమును నియమిత కాలమున సరిచూచిరా? నోటియందలి గొట్టము క్రొత్తదేనా? చీటిపై తేదీ, గంట, అంకె సరిగా నున్నవా? అరెస్టు చేసినచో రెండు గంటలలోపున వైద్యపరీక్ష జరిగెనా? ఆ గడువులో జరుపనిచో నిర్బంధమునుండి విడువవలెనని 202వ సెక్షను చెప్పుచున్నది. రక్తము తీసినచో అది ముద్రవేసి ప్రయోగశాలకు చేరువరకు ఎవరి చేతులలో నుండెను?

స్త్రీలకు ముఖ్యమైన రక్షణ యొకటి కలదు. స్త్రీనుండి రక్తము తీయవలసివచ్చి, వైద్యుడు పురుషుడైనచో, మఱియొక స్త్రీ యెదుటనే తీయవలెనని 204వ సెక్షను విధించుచున్నది.

యంత్రమును ప్రశ్నించుట కుతర్కమని యనుకొనరాదు. 2025 జూలైలో కేరళమునందలి పందళము ఆర్టీసీ డిపోలో మద్యము ముట్టని డ్రైవర్లు ఊపిరి పరీక్షలో పట్టుబడిరి. విచారింపగా వారు తినినవి బాగుగ పండిన పనసతొనలని తేలెను. మద్యసారము కలిసిన దగ్గుమందు, నోరు కడుగుకొను ద్రావకము కూడ కొంతసేపు నోటిలో నిలిచి యంత్రమును భ్రమింపజేయును. అందుకే కొంత వ్యవధి యిచ్చి మరల పరీక్షించుటయు, సందేహమున్న రక్తపరీక్ష చేయుటయు మేలు. ఐనను పరీక్షకే ఒప్పుకొనక మొండికెత్తుట తెలివి కాదు. తగిన కారణము లేక నిరాకరించుట అతనికి ప్రతికూలముగా గ్రహింపవచ్చునని 205వ సెక్షను చెప్పుచున్నది.

వకీలు చేయదగినది ఇంతవరకు. చేయరానిదియు కలదు. తన మనసులో అభియుక్తుడు దోషియని తోచినను, తగిన రుజువు లేనిదే ఎవరును శిక్షింపబడరాదను చట్టమునకు విధేయుడై వాదింపవలెనని బార్ కౌన్సిలు నియమము విధించుచున్నది. ధర్మబద్ధమగు సాధనములతోనే వాదింపవలెననియు చెప్పుచున్నది. గెలిచిన యింత, ఓడిన యింత యని ఫీజును ఫలముతో ముడిపెట్టుట నిషిద్ధము. "న్యాయాధికారి నాకు తెలిసినవాడు, ఇంత యిండు" అని కోర్టు ఆవరణమున తిరుగు దళారి వకీలు కాడు.

ఇచ్చటనే గృహిణి ధర్మమునకు అగ్నిపరీక్ష. "ఆ రాత్రి బండి నడపినది తమ్ముడని చెప్పుమమ్మా" అనియో, "ఆయన దగ్గుమందు త్రాగెనని సాక్ష్యమిమ్మక్కా" అనియో ఎవరో వచ్చి చెవిలో నూదుదురు. భర్త ముఖము చూచి, పిల్లల ముఖము చూచి మెత్తబడుట స్త్రీ స్వభావమందురు. కాని న్యాయవిచారణలో తెలిసి అబద్ధసాక్ష్య మిచ్చినచో భారతీయ న్యాయసంహిత 229వ సెక్షను ప్రకారము ఏడేండ్లవరకు ఖైదు పడవచ్చును. ఆరు నెలల భయమును తప్పించుకొనబోయి ఏడేండ్ల భయమును ఇంటికి దెచ్చుకొందుమా? నిజముగా దగ్గుమందే త్రాగియున్నచో ఆ సీసాను, వైద్యుని చీటిని దాచి వకీలు చేతికీయవలెను. త్రాగనిచో త్రాగలేదని పోరాడవలెను. త్రాగియే యున్నచో, రుజువును పరీక్షింపుమని కోరు హక్కు అప్పటికిని కలదు. కాని కల్లలు కల్పించు హక్కు ఎన్నడును లేదు.

మఱి "ఒప్పుకొని జరిమానా కట్టివేసిన పీడ విరగడగును" అని తొందరపడువారును కలరు. ఒప్పుకొనుట తప్పు గాదు. నిజమైనచో అదియే గౌరవము. కాని అట్లొప్పుకొనుట నేరస్థాపన యని తెలిసి ఒప్పుకొనవలెను. మరల పట్టుబడినపుడు రెండవ నేరపు శిక్షకు అది మూలమగును. లైసెన్సుకును ముప్పు రావచ్చును. డ్రైవరు ఉద్యోగియైనచో ఉద్యోగమే పోవచ్చును. త్రాగి లారీ నడపి ప్రమాదము చేసిన ఒక ప్రభుత్వ డ్రైవరు కేసున, ప్రాణనష్టము జరుగకుండుట అదృష్టమేగాని దయకు కారణము కాదని 2022లో సుప్రీంకోర్టు పలికెను. రక్తపరీక్ష లేదని క్రిమినలు కేసు వీగిపోయినను భీమా కంపెనీ ఊరకుండదు. ఇతర సాక్ష్యములచే డ్రైవరు త్రాగియుండెనని నిరూపించి బండినష్టము చెల్లింపక పోవచ్చునని 2021లో అదే న్యాయస్థానము తీర్పు చెప్పెను. బండి ఇల్లాలి పేరనే కంతులకు కొనియున్న యిండ్లవారు దీనిని మఱువరాదు. త్రాగినవాడని యెరిగి తాళపుచెవి చేతికిచ్చి ప్రోత్సహించినవారికి కూడ 188వ సెక్షను క్రింద అదే శిక్ష పడవచ్చును.

పట్టుబడినట్లు కబురు రాగానే చేయవలసిన పను లివి. ఇది బెయిలు పొందదగిన నేరము. బెయిలు హక్కే గాని ఉపకారము కాదు. అరెస్టు కారణము చెప్పవలెను, బంధువులకు తెలుపవలెను. ఊపిరి పరీక్ష చీటి నకలును అడుగుడు; పట్టిన గంటను, పరీక్షించిన గంటను వ్రాసియుంచుడు. లైసెన్సు కలిగి త్రాగని బంధువును వెంటబెట్టుకొని పొండు. త్రాగెనను కారణమున పోలీసులు బండిని జప్తు చేయరాదనియు, త్రాగని లైసెన్సుదారునికో బంధువులకో అప్పగింపవలెననియు 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పెను. మన రాష్ట్రమున అది కట్టుబాటు కాకున్నను చూపదగిన తీర్పే. వకీలు నుంచుకొను స్తోమత లేనిచో 1987 నాటి న్యాయసేవల చట్టము కలదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, నిర్బంధమునందున్నవారికి, స్వల్పాదాయము గలవారికి ప్రభుత్వమే ఉచితముగా న్యాయవాదిని ఏర్పరచును. టెలిఫోనున 15100 సంఖ్యకు పిలిచిన దారి చూపుదురు. ఈ సహాయము భిక్షము కాదు. రాజ్యాంగము చెప్పిన ధర్మము.

సోదరీమణులారా! వకీలు వాదము నేరము మోపబడిన పిమ్మట మొదలగును. మన వాదము అంతకు ముందే, గడప దగ్గర, బండి తాళపుచెవి దగ్గర మొదలు కావలెను. త్రాగిననాడు ఆ చెవిని పోపులపెట్టెలో దాచిన యిల్లాలు పదిమంది ప్రాణములను కాపాడినదగును. అందులకు ఆమెను ఇంట కసరుకొందురేమో, కొన్ని యిండ్లలో చేయిచేసికొందురు కూడ. అట్టిచో ఒంటరిగ పెనగక పెద్దలను, ఇరుగుపొరుగువారిని పిలుచుట మేలు. మన జాగ్రత్తను మించి కీడు వచ్చిపడినచో, కోర్టునకు వెఱవక పోవుదము, రుజువు నడుగుదము, అబద్ధము నాడము. నిర్దోషి యైనచో తలయెత్తుకొని వచ్చును. దోషి యైనచో శిక్ష ననుభవించి, మరల సీసాను గాక స్టీరింగును మాత్రమే పట్టుకొనును. రెండింటను ఇల్లు నిలుచును.