కుక్కపిల్లను తెచ్చుకునే ముందు

ఒక తల్లికుక్క ఒక్క ఈతలో అయిదు పిల్లల్ని పెట్టింది. వాటిలో ఒకటి కారునలుపు. ఒకదానికి తెల్లటి ఒంటిమీద గోధుమరంగు మచ్చలు. ఒకదాని బొచ్చు దూదిలాగా ఉంటే, ఇంకొకదాని బొచ్చు ఒంటికి అంటుకుపోయినంత పొట్టి. అయిదోది మాత్రం అచ్చుగుద్దినట్టు తల్లే! ఇవన్నీ తోబుట్టువులేనా అని మీకు అనుమానం కలగవచ్చు. తోబుట్టువులే. అయితే వీటన్నిటికీ తండ్రి ఒకటే కావాలని లేదు. ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లలకు ఇద్దరు ముగ్గురు తండ్రులు ఉండటం కద్దు.

మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల్లో ఇలాంటి కలగలుపు పిల్లలకు కొదువలేదు. గొర్లమంద వెంట కాపరితోపాటు నడిచే కుక్క, వాడకట్టులో నాలుగిళ్ళ బువ్వ తిని తిరిగే కుక్క, పట్నంనుంచి ఎవరో ముచ్చటపడి తెచ్చుకున్న లాబ్రడారు, తెల్లటి బొచ్చుకుక్క—వీటికి పుట్టినవాటిని జనం ‘క్రాసు’ అంటారు. ఫలానా వారింట్లో క్రాసు పిల్లలున్నాయని తెలియగానే మీకు కాలు నిలవదు. ‘నాన్నా, పోదాం పద’ అని ప్రాణం తీస్తారు. పోవచ్చు. కాని మీరు తెచ్చేది బొమ్మ కాదు, పదీ పన్నెండేళ్ళు బతికే ప్రాణి. ఇవాళ ఆరో తరగతి చదివే పిల్లవాడు కాలేజీ చదువు ముగించేనాటికి కూడా అది మీ వాకిట్లోనే పడుకుని ఉంటుంది. గనక కొంచెం ఆలోచించి మరీ బయలుదేరాలి.

“ఇది పెద్దదైతే ఎట్లా ఉంటుంది?” అని అందరూ మొదట అడిగే ప్రశ్న. “అచ్చం లాబ్రడారే అయితది” అని ఇచ్చేవారు అనవచ్చు. పాపం, వాళ్ళు నమ్మే ఆ మాట చెబుతూ ఉండవచ్చు. కాని అది ఎవరూ చెప్పగలిగింది కాదు.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున, బార్ హార్బర్ అనే చిన్న ఊరున్నది. అక్కడి పరిశోధనశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి, వాటి ప్రతి చేష్టా రాసిపెట్టారు. ఆఫ్రికాకు చెందిన బసెంజీ అనే కుక్క మొరగటం బహు అరుదు. దానిని, చెవులు వేలాడే కాకర్ స్పేనియల్ కుక్కతో కలిపి చూశారు. మొదటి తరంలో పుట్టిన పిల్లలు ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి. కాని ఆ పిల్లలకు పిల్లలు పుట్టేసరికి ఒక్కొక్కటి ఒక్కొక్క రకం! మొదటి తరంలో మాయమైనట్టు కనిపించిన తాతల పోలికలు మళ్ళీ పైకి తేలాయి. ఈ సంగతులన్నీ వాళ్ళు 1965లో పుస్తకంగా అచ్చువేశారు.

కారణం కష్టమైనది కాదు. కుక్క ఒంట్లోని ప్రతి కణంలోనూ 39 జతల క్రోమోజోములున్నాయి. జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఏ పిల్లకు ఏది వస్తుందో చీటీలు కలిపి తీసినట్టే! రెండు జాతులు కలిసినచోటే ఇన్ని రకాలు వస్తే, ఇక నాలుగు తరాలుగా కలుస్తూ వచ్చిన మన ఊరి క్రాసు సంగతి చెప్పాలా?

అలాగని జాతి పేరుకు విలువే లేదని కాదు. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది పాత మహబూబ్‌నగర్ జిల్లా గడ్డమీదనే. ఆ కృష్ణలో కలిసే ఘటప్రభ ఒడ్డున, కర్ణాటకలో, ముధోళ్ అనే ఊరున్నది. (మన నిర్మల్ జిల్లా ముధోల్ కాదు సుమా!) అక్కడి వేటకుక్కలు సన్నగా, పొడుగ్గా ఉండి బాణంలా పరుగెత్తుతాయి. 2005లో మన తపాలాశాఖవారు ఆ కుక్క బొమ్మతో బిళ్ళ కూడా వేశారు. ఒడ్డూ పొడుగూ, బొచ్చూ, పరుగూ—ఇవి తరతరాలుగా ఏరి పెంచితే నిలుస్తాయి. స్వభావం మాత్రం వేరు సంగతి. 2022లో అమెరికా శాస్త్రజ్ఞులు 18 వేలకు పైగా కుక్కల గురించి వాటి యజమానులను అడిగి, 2 వేలకు పైగా కుక్కల జన్యువులను చదివి చూశారు. ఒక కుక్క స్వభావానికీ ఇంకొక కుక్క స్వభావానికీ మధ్య తేడాలలో జాతివల్ల కలిగేది సుమారు 9 శాతమేనని తేలింది. గనక ‘క్రాసు’ అన్నంతమాత్రాన తక్కువా కాదు, ‘జాతికుక్క’ అన్నంతమాత్రాన సాధువూ కాదు.

మరి దేన్ని చూసి ఎంచుకోవాలి? ముందు తల్లిని చూడాలి. తల్లి ఉన్నచోటనే పిల్లల్ని చూడాలి. “అవ్వా, తల్లికుక్క ఏది?” అని అడగండి. పాలిచ్చే తల్లి కొత్తవాళ్ళను చూసి కొంచెం గుర్రుమంటుంది. అది తప్పు కాదు. కాని యజమాని పిలవగానే తోక ఊపి వస్తుందా, లేక అతన్ని చూసి మూలకు నక్కుతుందా? అది చూడండి. తల్లిని చూపించకుండా పిల్లను సంచిలోంచి తీసి ఇచ్చేవారి దగ్గర కొనవద్దు.

ఇంట్లో పెరిగిన పిల్లవల్ల ఒక గొప్ప లాభమున్నది. ఆ బార్ హార్బర్‌లోనే ఇంకొక పరీక్ష జరిగింది. కొన్ని కుక్కపిల్లల్ని ఎత్తయిన కంచె ఉన్న పొలంలో, మనుషుల పొడ తగలకుండా పెంచారు. వాటిలో కొన్నిటిని వేరువేరు వయసుల్లో ఒక్కొక్క వారం లోపలికి తెచ్చి, మనుషులతో ఆడనిచ్చారు. కొన్నిటికి 14 వారాలు నిండేదాకా ఆ భాగ్యమే లేదు. ఇవి అడవి జంతువుల్లాగా మనిషిని చూసి పారిపోయాయి, తరవాత ఎంత బుజ్జగించినా పూర్తిగా మచ్చికకాలేదు. ఈ పరీక్ష ఫలితాలు 1961లో వెలువడ్డాయి. అంటే, మూడో వారంనుంచి ఇంచుమించు పన్నెండో వారందాకా కుక్కపిల్ల మనసు తలుపు బార్లా తెరిచి ఉంటుందన్నమాట. రోకలి చప్పుడు, కుక్కరు కూత, మేకల అరుపు, సైకిలు గంట, పసిపిల్లల కేరింతలు—ఆ రోజుల్లో ఇవన్నీ విన్న పిల్ల పెద్దయ్యాక వాటికి జడవదు. జడవని కుక్క ఊరికే కరవదు.

అయితే మూడో వారంలోనే తెచ్చేసుకుంటే మంచిది కదా అంటారేమో. కాదు! కుక్కపిల్ల గుడ్డిదిగా, చెవిటిదిగా పుడుతుంది. పది పద్నాలుగు రోజులకు కళ్ళు తెరుస్తుంది. మూడు నాలుగు వారాలకు పాలపళ్ళు వస్తాయి, సూదుల్లాంటివి. ఆ పళ్ళతో తమ్ముణ్ణి గట్టిగా కొరికితే వాడు కుయ్యిమని ఆట మానేస్తాడు. తల్లిని కొరికితే తల్లి విదిలిస్తుంది. ఎంతవరకు కొరకవచ్చో నేర్పే బడి అదే. దానికి తల్లీ, తోబుట్టువులే పంతుళ్ళు. నెల తిరక్కుండా ఆ బడి మాన్పించి తెచ్చిన పిల్ల మీ చేతులమీద పాఠం మొదలుపెడుతుంది! మనదేశంలో 2017లో వచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. అమ్మకానికి కుక్కల్ని పెంచేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద పేరు నమోదు చేసుకోవాలి కూడా. “పున్నానికి రెండు నెలలు నిండుతయ్ బిడ్డా, అప్పుడొచ్చి తీస్కపో” అనే అవ్వ దొరికితే, ఆ ఇంటినే నమ్మండి.

ఇక టీకాల మాట. ఇది మీ అమ్మా నాన్నా కూడా చదవాలి. పార్వో అనే వ్యాధి 1978లో లోకమంతటా బయటపడింది. అంతకు ముందు దాని పేరే ఎవరూ వినలేదు. వాంతులు, నెత్తురు విరేచనాలతో పిల్ల రెండు మూడు రోజుల్లోనే ప్రాణం విడవవచ్చు. ఆ వ్యాధి క్రిమి మట్టిలో నెలల తరబడి చావదు. పుట్టగానే తాగిన ముర్రుపాలనుంచి పిల్లకు కొంత రక్షణ వస్తుంది గాని, అది వారాలు గడిచేకొద్దీ తరిగిపోతుంది. ఎప్పుడు పూర్తిగా పోతుందో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క లెక్క. తల్లి రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. అందుకే ఆరేడు వారాలనుంచి మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేదాకా టీకా వేయిస్తారు. ‘ఒకటి వేయించాం, చాలు’ అనుకోవటంవల్లనే చాలా పిల్లలు చచ్చిపోతాయి. టీకాలు పూర్తయేదాకా వీధికుక్కలు తిరిగే నేలమీద దించకండి. చంకలో ఎత్తుకుని ఊరంతా చూపించవచ్చు.

ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరుతాయి. ఒళ్ళు బక్కగా ఉండి పొట్ట ఒక్కటే కుండలా ఉంటే, అది తిండి పుష్టి కాదు. పశువుల ఆసుపత్రిలో మందు పట్టిస్తారు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తరవాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ.

పిల్లలూ, ఈ ఒక్కటి మాత్రం దాచకండి. మీ కుక్కయినా, వీధికుక్కయినా కరిచినా, గీరినా తిడతారని భయపడక వెంటనే ఇంట్లో చెప్పండి. పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. రేబిస్ లక్షణాలు కనిపించాక బతకటం దాదాపు అసాధ్యం. కనిపించకముందే టీకా పడితే భయం లేదు. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు మొదలుపెట్టిన వైద్యం అదే. ఆ పిల్లవాడు బతికాడు.

మన నల్లగొండ, పాలమూరు ఎండల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో బండరాళ్ళు పొద్దుగుంకినా సెగలు కక్కుతాయి. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. నాలుక చాచి రొప్పటమే దాని విసనకర్ర. దట్టమైన బొచ్చున్న పిల్లకూ, ముక్కు చప్పిడిగా ఉన్న పిల్లకూ ఇది మరీ కష్టం. ఎవరు ఎంత అందంగా ఉన్నదన్నా, ఈ గడ్డకు పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు ఉన్న పిల్లే హాయిగా బతుకుతుంది. వేపచెట్టు నీడా, మట్టితొట్టిలో నీళ్ళూ చాలు. జొన్నరొట్టె పాలలో నానేసి పెట్టవచ్చు. ఉల్లిగడ్డా, చాక్లెట్టూ, ఎండుద్రాక్షా దానికి విషం.

పిల్లను తెచ్చుకునే రోజున ఆ ఇంటికి ఒక పాతగుడ్డ పట్టుకుపోండి. దానిని తల్లికుక్క పడుకునే చోట కాసేపు పరచి, మళ్ళీ తెచ్చుకోండి. మొదటిరాత్రి పిల్ల కుయ్యోమని ఏడుస్తుంది, అది అల్లరి కాదు. ఆ గుడ్డను మీ మంచం పక్కన పరచి దానిమీద పడుకోబెడితే, తల్లి వాసనకు ముక్కు ఆనించి నిద్రపోతుంది.