చలికి ఒళ్లు తెల్లబారుతోందా? చర్మం పైపొరలో ఎంజైముల పని ఇదీ.. సబ్బు ఎక్కువైతే ఏమవుతుందో తెలుసా?

చలికాలం వచ్చిందంటే చాలు.. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం, మెళియాపుట్టి వైపు తెల్లవారుజామున మంచు, పగలు పొడిగాలి. చేతులు, కాళ్లు తెల్లబారతాయి. గోరుతో గీస్తే గీత పడుతుంది. మడమలు పగులుతాయి. 'చర్మంలో నూనె తగ్గింది' అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అందులో నిజం ఉంది కానీ అది సగమే. మిగతా సగం చర్మం పైపొరలో పనిచేసే ఎంజైముల చేతిలో ఉంది. అవి పని మానేసినా కష్టమే, మితిమీరి చేసినా కష్టమే.

ఇటుకల గోడ లాంటి పైపొర

చర్మంలో అన్నిటికంటే పైన ఉండే పొర చాలా పలుచన. అరచేతులు, అరికాళ్లు తప్పిస్తే ఒంటి మీద ఎక్కువ చోట్ల దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లే. అంటే మిల్లీమీటరులో వందో వంతు, యాభయ్యో వంతు. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా, బయటి క్రిములు, రసాయనాలు లోపలికి రాకుండా ఆపేది ఇదే.

దీన్ని ఇటుకల గోడతో పోల్చొచ్చు. చదునుగా మారిన మృతకణాలే ఇటుకలు. మధ్యలో సిమెంటులా ఉండేది కొవ్వు పదార్థం. ఆ కొవ్వులో బరువు ప్రకారం దాదాపు సగం సెరమైడ్లు ఉంటాయి. మిగిలినదాంట్లో ముఖ్యమైనవి కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. ఇటుకకూ ఇటుకకూ మధ్య ప్రోటీన్ల రివెట్లు కూడా బిగించి ఉంటాయి.

ఈ గోడ ఎప్పుడూ కొత్తగా తయారవుతూనే ఉంటుంది. కింది నుంచి కొత్త ఇటుకలు వస్తుంటే, పైన పాతవి రాలిపోతుంటాయి. ఈ పైపొర మొత్తం మారడానికి సుమారు రెండు వారాలు పడుతుంది.

ఒకరు కడతారు.. ఒకరు కోస్తారు

ఇక్కడే ఎంజైములు రంగంలోకి దిగుతాయి. వీటిలో ప్రధానంగా రెండు బృందాలు ఉన్నాయి.

మొదటిది తాపీ మేస్త్రీల బృందం. బీటా గ్లూకోసెరెబ్రోసిడేజ్, యాసిడ్ స్ఫింగోమైలినేజ్ అనే ఎంజైములు కొవ్వు ముడిసరుకును సెరమైడ్లుగా మారుస్తాయి. గోడకు సిమెంటు కలిపేది ఇవే.

రెండోది కత్తెరల బృందం. వీటిని కాలిక్రీన్లు అంటారు. ఇటుకల మధ్య రివెట్లను ఇవి మెల్లగా కోస్తాయి. అందుకే పాత కణాలు మన కంటికి కనబడకుండానే ఒక్కొక్కటిగా రాలిపోతాయి. ఈ కత్తెరలు లోపలి పొరల్లోనే తెగించి కోసేయకుండా లెక్టీ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది.

ఈ కాపలా ఎంత ముఖ్యమో చెప్పే అరుదైన జబ్బు ఒకటుంది. దాని పేరు నెథర్టన్ సిండ్రోమ్. లెక్టీని తయారుచేసే జన్యువులో లోపమే దీనికి కారణమని 2000లో శాస్త్రవేత్తలు గుర్తించారు. కత్తెరలను ఆపేవాళ్లు లేక, ఆ పిల్లల చర్మం పుట్టినప్పటి నుంచే ఎర్రబారి పొరలు పొరలుగా ఊడిపోతుంటుంది.

సబ్బుతో ఎక్కడ తేడా కొడుతుంది?

ఆరోగ్యమైన చర్మం పైభాగం కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది. పీహెచ్ సుమారు 5. మేస్త్రీ ఎంజైములకు ఈ పులుపే కావాలి. కత్తెర ఎంజైములు మాత్రం పీహెచ్ పెరిగేకొద్దీ చురుగ్గా మారతాయి. అంటే చర్మం పుల్లగా ఉన్నంతసేపు కట్టేవాళ్లు జోరుగా, కోసేవాళ్లు నిదానంగా పనిచేస్తారన్నమాట.

మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. దాంతో రుద్దితే చర్మం పీహెచ్ పైకి వెళ్తుంది. అది తిరిగి సర్దుకోవడానికి గంటలు పట్టొచ్చు. ఆ సమయంలో సిమెంటు పని మందగిస్తుంది, కత్తెర పని పెరుగుతుంది. పైగా సబ్బు ఉన్న కొవ్వును కూడా కొంత కడిగేస్తుంది. రోజుకు పదిసార్లు చేతులు కడిగేవాళ్లకు, గిన్నెలు తోమేవాళ్లకు, బట్టల సోడా వాడేవాళ్లకు ముందు చేతులే ఎందుకు పగులుతాయో ఇప్పుడు అర్థమవుతుంది.

మరి చలికాలం సంగతేంటి?

చలిలో కథ రివర్స్. ఎంజైములు పనిచేయాలంటే తేమ కావాలి. పొడిగాలికి పైపొర ఎండిపోతే కత్తెరలు మొరాయిస్తాయి. రాలాల్సిన కణాలు రాలకుండా గుంపులుగా అతుక్కుని ఉండిపోతాయి. తెల్లటి పొట్టులా కనిపించేది అదే. కాబట్టి ఆ పొట్టును రాయితోనో, పీచుతోనో గట్టిగా రుద్ది తీసేయడం పరిష్కారం కాదు. తేమ అందిస్తే ఆ పని ఎంజైములే చేసుకుంటాయి.

చర్మంలో తేమను పట్టి ఉంచే పదార్థాలు ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ విడిపోవడం వల్ల తయారవుతాయి. ఆ పనీ ఎంజైములదే. ఫిలాగ్రిన్ జన్యువులో లోపాలు ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది. ఒకే ఇంట్లో ఒకరి చర్మం నున్నగా, ఇంకొకరిది ఎప్పుడూ పొడిగా ఉండటానికి ఇలాంటి తేడాలూ ఒక కారణం.

పలాస జీడి కార్మికుల చేతులు

ఈ గోడ విలువ ఎవరికైనా బాగా తెలుసంటే అది జీడి కార్మికులకే. పాతపట్నం నుంచి టెక్కలి మీదుగా వెళ్తే పలాస-కాశీబుగ్గ. జీడిపప్పుకు పేరున్న ఊరు. జీడిపిక్కల పెంకులో ఉండే జిగట నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ వంటి రసాయనాలు ఉంటాయి. వీటి అణువులకు పొడవాటి కొవ్వు తోక ఉంటుంది. కాబట్టి కొవ్వుతో కట్టిన సిమెంటులోకి తేలిగ్గా దిగిపోతాయి. చర్మం నల్లబడటం, మంట, బొబ్బలు వస్తాయి. కొందరికి అలర్జీ కూడా మొదలవుతుంది. మామిడి సొన, నల్లజీడి సొన అంటినా పొక్కులు రావడం ఇలాంటిదే. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన చెట్లు.

పిక్కలు పగలగొట్టే ముందు చేతులకు నూనె రాసుకోవడం కార్మికుల్లో పాత అలవాటు. పెంకు నూనె నేరుగా చర్మానికి అంటకుండా అది కొంత అడ్డుపడుతుంది. అసలు ముప్పు పని అయ్యాక వస్తుంది. మరకలు పోవడానికి బట్టల సోడా, కిరోసిన్ లాంటివి వాడితే మిగిలిన సిమెంటు కూడా పోతుంది. మర్నాడు అదే చేతులతో పనిలోకి దిగితే పెంకు నూనె ఇంకా లోపలికి వెళ్తుంది.

పసిపిల్లల విషయంలో జాగ్రత్త

అప్పుడే పుట్టిన బిడ్డ చర్మం పీహెచ్ పెద్దవాళ్ల కంటే ఎక్కువగా, 6 పైన ఉంటుంది. ఆమ్లగుణం రావడానికి వారాలు పడుతుంది. అంటే మేస్త్రీలు ఇంకా పూర్తిగా పనిలోకి దిగలేదు. పుట్టిన 24 గంటల దాకా స్నానం చేయించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సున్నిపిండితో గట్టిగా నలిచి రుద్దడం కూడా ఈ వయసులో మంచిది కాదు.

నూనెలన్నీ ఒకటి కావు. ఎలుకలపై చేసిన పరీక్షల్లో పొద్దుతిరుగుడు నూనె చర్మపు గోడ కోలుకోవడానికి సాయపడగా, ఆవనూనె ఆలస్యం చేసింది. ఒడిశా సరిహద్దు గ్రామాల్లో ఆవనూనె వాడకం ఉంది కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఏం చేయాలి?

* స్నానానికి గోరువెచ్చని నీళ్లు చాలు. సబ్బు చంకలు, గజ్జలు, పాదాలకు, మట్టి అంటిన చోటుకు వాడితే సరిపోతుంది.
* ఒళ్లు అద్దుకుని, కొంచెం తడి ఉండగానే కొబ్బరి నూనె, వాజలైన్ లేదా మాయిశ్చరైజర్ రాయాలి. పూర్తిగా ఆరాక రాస్తే ఫలితం తక్కువ.
* జీడి, మామిడి సొన అంటితే ఆలస్యం చేయకుండా సబ్బుతో కడిగేయాలి. ఇక్కడ సబ్బు అవసరమే. ఆ తర్వాత నూనె లేదా క్రీము తప్పనిసరి.
* నిమ్మరసం రుద్దితే పులుపు వస్తుందనుకోవద్దు. అది చర్మం తట్టుకునే దానికంటే చాలా ఎక్కువ ఆమ్లం. పగుళ్లపై మంట పుడుతుంది.
* దురద తగ్గుతుందని మందుల షాపులో స్టెరాయిడ్ క్రీము కొని నెలల తరబడి రాయొద్దు. చర్మం పలుచబడుతుంది, సిమెంటు తయారీ తగ్గుతుంది.

పగుళ్ల నుంచి రక్తం, రసి కారుతున్నా, రాత్రుళ్లు దురదతో నిద్ర పట్టకపోయినా ఆలస్యం చేయకుండా చర్మవ్యాధుల డాక్టర్‌ను కలవాలి. షుగర్ ఉన్నవారు మడమ పగుళ్లను అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. ఆ సన్నని పగులే క్రిములకు దారి అవుతుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ సమస్య ఉన్నా వైద్యుల సలహా తీసుకోవడం మంచిది.)