అద్దాల తొట్టెలో చేపలు: అందం వెనుక ఉన్న బాధ్యత

ఇంట్లో ఒక ప్రాణిని పెంచుకోవాలన్న కోరిక చాలా కుటుంబాల్లో ఉంటుంది. కుక్కకూ పిల్లికీ అద్దె ఇంటి యజమాని అంగీకరించకపోవచ్చు, వాటికి తగిన చోటు లేకపోవచ్చు, చూసుకునే తీరిక ఉండకపోవచ్చు. అలాంటి ఇళ్లలో చివరకు మిగిలే ఎంపిక చేపల తొట్టె. పుదుచ్చేరి వంటి ఇరుకు వీధుల పట్టణంలో ఈ ఎంపికకు ఆదరణ ఉండటం సహజమే. 1826లో నెలకొల్పిన ఇక్కడి బొటానికల్ గార్డెన్‌లో చెట్లతో పాటు అలంకార చేపల ప్రదర్శన కూడా సందర్శకులను ఆకట్టుకుంటూ వచ్చింది. దేశంలో అలంకార చేపల వ్యాపారానికి పేరుపొందిన చెన్నైలోని కొళత్తూరు కూడా ఇక్కడికి కొన్ని గంటల ప్రయాణ దూరంలోనే ఉంది.

అయితే చేప అలికిడి చేయదు, ఆకలి వేసినా అరవదు, జబ్బు చేసినా మూలగదు. పెంచడం సులువన్న అభిప్రాయం ఈ మౌనం వల్లనే ఏర్పడింది. కొన్న కొద్ది రోజులకే చేపలు చనిపోవడానికి మూలం కూడా చాలా ఇళ్లలో ఈ అభిప్రాయమే. అందువల్ల చేపల పెంపకంలోని మేలునూ కీడునూ ముందుగానే బేరీజు వేసుకోవడం అవసరం.

మనసుకు కలిగే మేలు

నీటిలో కదిలే చేపలను చూస్తూ కూర్చుంటే మనసు తేలికపడుతుందన్నది కేవలం నమ్మకం కాదు. అక్వేరియాన్ని చూస్తున్న వారిలో రక్తపోటు తగ్గినట్లు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980వ దశకంలోనే గమనించారు. బ్రిటన్‌లోని ప్లిమత్ నగర జాతీయ అక్వేరియంలో జరిగి 2015లో వెలువడిన మరో అధ్యయనం, తొట్టెలో చేపల సంఖ్య పెరిగే కొద్దీ సందర్శకులు ఎక్కువసేపు నిలబడి చూశారనీ, వారి మానసిక స్థితి మెరుగైందనీ తెలిపింది. ఇవి వైద్యానికి ప్రత్యామ్నాయం కావు. రోజువారీ ఒత్తిడికి కొంత ఊరట దొరుకుతుందనడానికి మాత్రం ఆధారాలు.

పిల్లలకు చేపల తొట్టె ఒక చిన్న పాఠశాల. వేళకు మేత వేయడం, నీరు మార్చడం, మార్పులను గమనించడం వంటి పనులు క్రమశిక్షణను అలవరుస్తాయి. టైప్ 1 మధుమేహం ఉన్న 10 నుంచి 17 ఏళ్ల పిల్లలపై అమెరికాలో జరిగిన ఒక చిన్న అధ్యయనం ఆసక్తికరమైనది. చేపకు మేత వేసే వేళను తమ రక్తంలోని చక్కెరను పరీక్షించుకునే వేళతో ముడిపెట్టిన పిల్లల్లో మధుమేహ నియంత్రణ మెరుగైంది. ఒక ప్రాణి పట్ల చూపే శ్రద్ధ తమ పట్ల తాము చూపుకునే శ్రద్ధగా మారగలదని ఇది సూచిస్తుంది.

ఇతర సౌలభ్యాలూ ఉన్నాయి. బొచ్చు వల్ల అలర్జీ వచ్చేవారు కూడా చేపలను పెంచుకోవచ్చు. వాటిని షికారుకు తీసుకువెళ్లనక్కర లేదు, కరుస్తాయన్న భయం లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు రెండు మూడు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి గనుక చిన్న ప్రయాణాలకు ఇబ్బంది ఉండదు.

కంటికి కనిపించని విషం

కష్టం నీటి దగ్గర మొదలవుతుంది. చేప విసర్జించే వ్యర్థాల నుంచీ, తినక మిగిలిన మేత నుంచీ నీటిలో అమ్మోనియా పుడుతుంది. ఇది చేపకు విషం. ఒక రకం బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం బాక్టీరియా నైట్రైట్‌ను అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ మేలుచేసే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లోని స్పాంజిపైనా, అడుగున పరిచిన గులకరాళ్లపైనా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

తొట్టె కొన్న రోజే పది చేపలను తెచ్చి వేస్తే, ఆ వ్యర్థాలను శుద్ధి చేసే సూక్ష్మజీవులు అప్పటికి నీటిలో ఉండవు. చూడటానికి నీరు తేటగానే ఉంటుంది, చేపలు మాత్రం ఒక్కొక్కటిగా చనిపోతాయి. వారానికోసారి తొట్టెను పూర్తిగా ఖాళీ చేసి, ఫిల్టర్‌ను కుళాయి కింద తోమి కడిగేవారి ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. శుభ్రత పేరుతో వారు తొలగించేది చేపల ప్రాణాధారాన్నే. వారానికి నాలుగో వంతు నీటిని మాత్రమే మార్చడం, స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండడం సరైన పద్ధతి.

గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్‌ను ఉంచడం ఇంకా కనిపించే అలవాటు. చైనాలో వెయ్యేళ్లకు పైగా మనిషి చేతిలో పెరుగుతూ వచ్చిన ఈ చేప సరైన వసతి దొరికితే పదేళ్లకు మించి బతుకుతుంది, జానెడు పొడవు దాటి పెరుగుతుంది. బ్రిటన్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు జీవించి 1999లో మరణించింది. గిన్నెలో పెట్టిన చేప వారాల్లోనే చనిపోతే దాని ఆయుష్షు అంతేనని భావించడం పొరపాటు. గిన్నెలో నీరు తక్కువ, ఫిల్టర్‌కు చోటుండదు, గాలి సోకే ఉపరితలం ఇరుకు. నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగల ఫైటర్ చేపకు కూడా కొద్దిపాటి నీళ్ల సీసా నివాసయోగ్యం కాదు.

పుదుచ్చేరి నీరు, పుదుచ్చేరి ఎండ

పట్టణ నీటి సరఫరాకు భూగర్భ జలాలే ఆధారం. సముద్రతీరం కావడంతో చాలాచోట్ల బోరు నీటిలో ఉప్పదనం, కాఠిన్యం ఎక్కువ. అందుకని కొందరు ఆర్‌ఓ నీటినే తొట్టెలో నింపుతారు. అందులో చేపలకు అవసరమైన లవణాలు దాదాపు మిగలవు. రెండు రకాల నీటినీ కలిపి వాడటం మేలు. అంతకన్నా మేలైన మార్గం, ఉన్న నీటికి తగిన చేపను ఎంచుకోవడం. గప్పీ, మోలీ వంటివి కఠినజలాన్ని బాగా తట్టుకుంటాయి. మృదుజలానికి అలవాటుపడిన టెట్రా, డిస్కస్ వంటి జాతులకు ఈ నీరు పరీక్షే. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని ఒక రోజు తెరిచి ఉంచాకనో, క్లోరిన్‌ను తొలగించే మందు కలిపాకనో వాడాలి.

ఎండ మరో సమస్య. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద అది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములకు పడిపోతుంది. వేడిలో అమ్మోనియా విషప్రభావం కూడా పెరుగుతుంది. చల్లని నీటిని ఇష్టపడే గోల్డ్‌ఫిష్‌కు మే, జూన్ నెలలు అందుకే గడ్డుకాలం. తొట్టెపై నేరుగా ఎండ పడకుండా చూడటం, మూత తీసి ఫ్యాను గాలి తగిలేలా ఉంచడం, మేత తగ్గించడం కొంతవరకు ఉపకరిస్తాయి.

తుపానుల తీరంలో విద్యుత్తుపై పూర్తిగా ఆధారపడటమూ క్షేమం కాదు. 2011 డిసెంబరు 30న థానే తుపాను తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను కుండపోతతో వీధులను ముంచెత్తింది. గాలి పంపు ఆగిపోతే కిక్కిరిసిన తొట్టెలోని చేపలకు కొన్ని గంటల్లోనే ఊపిరి సమస్య మొదలవుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న పంపు దగ్గర ఉంచుకోవడం, తొట్టెలో చేపల సంఖ్యను పరిమితం చేయడం ముందుజాగ్రత్తలు.

ఖర్చు, బరువు, ఆరోగ్యం

చేప ధర తక్కువే. దాన్ని బతికించడానికయ్యే ఖర్చు వేరు. తొట్టె, స్టాండు, ఫిల్టర్, పంపు, దీపం, మేత, మందులు, నెలనెలా విద్యుత్తు అన్నీ లెక్కలోకి వస్తాయి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టెలో సుమారు 127 లీటర్ల నీరు పడుతుంది. అంటే గాజు, రాళ్లు కాక నీటి బరువే 127 కిలోలు. పలచని చెక్క బల్ల మీద దీన్ని నిలపకూడదు. నీటిలో చేయి పెట్టేముందు విద్యుత్ పరికరాలన్నింటినీ ఆపివేయాలి.

ఆరోగ్యపరంగా ప్రమాదం స్వల్పమే, కానీ లేకపోలేదు. తొట్టె నీటిలో ఉండే మైకోబాక్టీరియం మెరైనమ్ అనే సూక్ష్మజీవి చేతి గాయాల ద్వారా చర్మంలోకి ప్రవేశించి, నెలల తరబడి మానని పుండ్లను కలిగించవచ్చు. చేతికి గాయం ఉన్నప్పుడు తొడుగు వేసుకోవాలి, పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అలాంటి పుండుతో వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఇంట్లో చేపల తొట్టె ఉన్న సంగతి చెప్పడం రోగనిర్ధారణకు తోడ్పడుతుంది. చేపలు లేకుండా నీటితో వదిలేసిన తొట్టె దోమలకు నిలయమవుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

చెరువులో వదిలితే పుణ్యమా?

పెంచలేమని తేలినప్పుడు చాలామంది చేసే పని, చేపను దగ్గరలోని చెరువులోనో కాలువలోనో వదిలేయడం. ప్రాణం కాపాడామన్న తృప్తితో చేసే ఈ పని అనేక ప్రాణులకు ముప్పు తెస్తుంది. దక్షిణ అమెరికాకు చెందిన సక్కర్ చేప దీనికి కళ్లెదుటి నిదర్శనం. తొట్టె గోడల మీది పాచిని తింటుందని చిన్న పిల్లగా కొనితెచ్చే ఈ చేప అడుగుకు మించి పెరుగుతుంది. తొట్టెలో ఇమడక నీటివనరుల్లోకి చేరిన సక్కర్ చేపలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు సహా అనేక రాష్ట్రాల్లో వ్యాపించాయి. వాటి గట్టి ముళ్లు జాలర్ల వలలను చింపుతాయి. గట్లలో తవ్వే బొరియలు మట్టిని కోతకు గురిచేస్తాయి. కొనేవారు లేని ఈ చేప వలలో పడితే శ్రమే తప్ప ఆదాయం లేదు. నీటిలో అవి విడిచే జన్యుపదార్థపు ఆనవాళ్ల ఆధారంగా వీటి ఉనికిని గుర్తించే పద్ధతిపై హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరిశోధన చేశారు.

దోమల నివారణకు తోడ్పడే గప్పీ, గాంబూసియా చేపల కథలోనూ ఇదే హెచ్చరిక ఉంది. దోమల ద్వారా వ్యాపించే వ్యాధులపై పరిశోధనకు 1975లో ఏర్పడిన వెక్టర్ నియంత్రణ పరిశోధన కేంద్రం పుదుచ్చేరిలోనే ఉంది. లార్వాలను తినే చేపలు దోమల నియంత్రణలో ఒక సాధనమే. అయితే అవి మూసివున్న బావులు, తొట్లకు పరిమితం కావాలి. సహజ జలాశయాల్లో వదిలితే స్థానిక చేపల గుడ్లను, పిల్లలను తిని వాటి సంఖ్యను దెబ్బతీస్తాయి. పక్షుల అభయారణ్యమైన ఊసుడు చెరువుకు గానీ, బాహూరు చెరువుకు గానీ, సంకరాపరణి నదికి గానీ తొట్టె చేప మేలు చేయదు. కొన్న దుకాణానికి తిరిగి ఇవ్వడం, పెంచగల మరొకరికి అప్పగించడం మాత్రమే సరైన మార్గాలు.

చట్టం, నీతి, ఉపాధి

కొన్ని జలచరాలను పెంచడం చట్టవిరుద్ధం. నీటి గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాస్తు పేరిట కొనే ఆసియా అరోవానా అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ పొందిన జాతి. ఇలాంటి జాతులు ఉన్నవారు 2024 నిబంధనల ప్రకారం వాటిని ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. అక్వేరియం దుకాణాలపై కేంద్రం 2017లో నిబంధనలు జారీ చేసి, వ్యాపారుల అభ్యంతరాల నేపథ్యంలో అనంతరం ఉపసంహరించుకుంది. కనుక చేపల సంక్షేమం ప్రస్తుతం చాలావరకు కొనేవారి విచక్షణపైనే ఆధారపడి ఉంది.

చేపకు నొప్పి తెలియదన్న వాదనను శాస్త్రం బలపరచడం లేదు. బ్రిటన్‌లో ట్రౌట్ చేపలపై 2003లో వెలువడిన పరిశోధన వాటికి నొప్పిని గ్రహించే నాడులున్నాయని చూపింది. జ్ఞాపకశక్తి మూడు సెకన్లేనన్నదీ కట్టుకథే. సూదితో రంగు ఎక్కించిన గాజు చేపలను కొనకపోవడం, అడవి వాగుల నుంచి పట్టి తెచ్చిన వాటికన్నా కేంద్రాల్లో పుట్టి పెరిగిన వాటిని ఎంచుకోవడం వినియోగదారు చేతిలో ఉన్న పని. పడమటి కనుమల్లో మాత్రమే కనిపించే మిస్ కేరళ చేప, అక్వేరియం వ్యాపారానికి విచ్చలవిడిగా పట్టడం వల్ల కూడా అంతరించే ముప్పు గల జాతుల్లో చేరింది.

మరోవైపు ఈ వ్యాపారం వేల కుటుంబాలకు జీవనాధారం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన పెరటి అలంకార చేపల యూనిట్లకూ ఆర్థిక సాయం అందిస్తోంది. సాధారణ వర్గాలకు యూనిట్ వ్యయంలో 40 శాతం, మహిళలకూ షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికీ 60 శాతం వరకు రాయితీ ఉంది. పెంచి అమ్మేవారు నిలబడాలంటే కొన్న చేప బతకాలి. నెల తిరగకుండానే చేపలు పోయిన ఇంటివారు మళ్లీ దుకాణం మెట్లెక్కడం అరుదు.

పెంచాలని నిశ్చయించుకున్నవారు తొట్టెను ముందు కొని, చేపను నెల తరువాత తేవడం మంచిది. ఆ నెలలో ఫిల్టర్ నడిపి, నీటిని పరీక్షించి, జాతి ఎంత పెరుగుతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో తెలుసుకోవచ్చు. మొదట నాలుగైదు చిన్న చేపలతో ఆరంభించి, రెండు నిమిషాల్లో తినగలిగినంత మేతే వేయాలి. ఖాళీ తొట్టెను నెల రోజులు ఓపికగా చూసుకోగలిగిన కుటుంబం చేపలనూ చూసుకోగలదు. ఆ ఓపిక కుదరదని నెలలోపే తెలిస్తే, ఏ ప్రాణికీ నష్టం లేకుండానే తెలుస్తుంది.